ముప్పావు దగ్గర ఆగిన పాఠం

నాకు నోటి దురద ఎక్కువ. ఈ మాట నేనంటే గిట్టనివాళ్లు అంటారు, మా ఆయన అంటారు, మొహమాటం లేకుండా నేనూ ఒప్పుకుంటాను. ముప్పై మూడేళ్లు బళ్లో పనిచేసినదాన్ని, అందులో పద్నాలుగేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. కళ్ల ముందు ఎవరైనా తప్పు చేస్తుంటే ఊరుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. అలాంటి నన్ను, రిటైరయ్యాక, ప్రాంతీయ విద్యా సహాయ కేంద్రం వాళ్లు పిలిచి ఒక పని అప్పజెప్పారు. ఆ పనికి మొదటి నియమమే నోరు మూసుకోవడం.

కొత్తగా హెడ్ అయినవాళ్లకు మొదటి ఏడాదంతా తోడుగా ఒక పాత హెడ్‌ని వేస్తారు. నెలకు రెండుసార్లు ఆ బడికి వెళ్లాలి. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోవాలి. కేంద్రం వాళ్లిచ్చిన నోటుబుక్కులో ప్రతి పేజీకీ మధ్యన నిలువు గీత ఉంటుంది. ఎడమవైపు కళ్లతో చూసింది రాయాలి, కుడివైపు అడగాలనుకున్నది రాయాలి. మరి సలహాలు ఎక్కడ రాయాలని శిక్షణలో అడిగాను. సలహాలు వద్దు మేడం, అడగండి చాలు, జవాబు వాళ్లే వెతుక్కుంటారు అంది శిక్షణ ఇస్తున్న అమ్మాయి. నా కూతురి కంటే చిన్నది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి మరీ నవ్వారు. నలభై ఏళ్లుగా నావల్ల కాని పని ఆ కేంద్రం వాళ్లు చేస్తారన్నమాట అన్నారు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. అది కూడా ఆయనకు కలిసొచ్చింది.

ఆ పని మొదలుపెట్టిన కొన్నేళ్లకు నా వంతుకు వచ్చిన ఒక హెడ్మిస్ట్రెస్‌ని బళ్లో అందరూ చిన్న మేడం అంటారు. వయసు ముప్పై నాలుగు, మనిషి కూడా పొట్టి. గేటు దగ్గర పదో తరగతి పిల్లల మధ్య నిలబడితే వెతుక్కోవాలి. అదే బళ్లో సైన్సు చెబుతూ, పరీక్ష రాసి హెడ్ అయింది. అక్కడే ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్న మాస్టారు ఆ పదవి తనకే వస్తుందని గట్టిగా నమ్మి, రెండు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడట. పదవి రాకపోయినా చొక్కాలు వేసుకుంటూనే ఉన్నాడు. వాటిని చూసినప్పుడల్లా ఆ అమ్మాయికి తలెత్తి మాట్లాడటం కష్టంగా ఉండేది.

ఏడాది చివర్లో కేంద్రం నుంచి ఒక అధికారి వచ్చి ఒక రోజంతా బళ్లో ఉంటాడు. ఒక పాఠం చూస్తాడు, హెడ్‌తో మాట్లాడతాడు, ఫారం నింపుతాడు. ఆయన సరేనంటే హెడ్ పదవి ఖాయం. కాదంటే మళ్లీ సైన్సు టీచరే, అదీ మరో బడిలో. అంతకు ముందు ఏడాది ముగ్గురిని అలా వెనక్కి పంపారు. నేను తోడుగా వెళ్లినవాళ్లలో మాత్రం అప్పటిదాకా ఒక్కరూ వెనక్కి పోలేదు. ఈ మాట నేను నలుగురిలో కాస్త ఎక్కువసార్లే చెప్పుకునేదాన్ని.

చిన్న మేడం మొదటి నెలలోనే ఒక వింత పద్ధతి పెట్టింది. ప్రతి గురువారం బడి వదిలాక టీచర్లంతా సైన్సు గదిలో అరగంట కూర్చోవాలి. ఆ వారం తాము చెప్పినవాటిలో పిల్లలకు అందని పాఠం ఒకటి చెప్పుకోవాలి. బాగా వచ్చిన పాఠాలు అక్కడ చెప్పకూడదు. మొదటి మూడు వారాలూ ఆమె ఒక్కతే మాట్లాడింది. అయస్కాంతాల పాఠం ఎలా తేలిపోయిందో, నీటి ఆవిరి పాఠంలో పిల్లలు ఎక్కడ ఆవులించారో పూసగుచ్చినట్టు చెప్పింది. మిగతావాళ్లు గోడ మీది బొమ్మలు చూస్తూ కూర్చున్నారు. నాకైతే ఒళ్లు మండిపోయింది. హెడ్ అన్న మనిషి టీచర్ల ముందు తన తప్పులు తానే ఏకరువు పెడితే ఇక వాళ్లు లెక్కచేస్తారా? నోటుబుక్కులో కుడివైపు, 'ఈ అమ్మాయికి పరువు అక్కర్లేదా?' అని రాశాను. నియమం ప్రకారం అది ప్రశ్నే.

నాలుగో వారం భాషా టీచరమ్మ నోరు విప్పింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. లెక్కల మాస్టారు మాత్రం ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏడో నెలలో, ఎవరూ అడక్కుండానే, గొంతు సవరించుకుని చెప్పాడు. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించమని ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాడు. ఆ వారం ఏడో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, తలకిందులు ఎందుకు చేయాలి సార్ అని అడిగింది. ఆయన కూర్చోమన్నాడు. చిన్న మేడం తప్పు పట్టలేదు, సలహా ఇవ్వలేదు. రేపు మళ్లీ అడిగితే ఏం చెబుదాం మాస్టారూ అని మాత్రం అడిగింది. అదిగో, కేంద్రం వాళ్లు నాకు నేర్పాలని చూసిన విద్య ఆ అమ్మాయికి పుట్టుకతోనే వచ్చినట్టుంది.

ఆ తర్వాత మాస్టారు మారిపోయాడని చెప్పను. కానీ ఆయన బల్ల మీద కత్తెర, కాగితప్పట్టీలు కనిపించడం మొదలైంది. మూడు పట్టీల్లో అర ముక్కలు ఎన్ని వస్తాయో పిల్లల చేత కత్తిరించి చూపించాడు. ఆరు. బ్రహ్మాండంగా వచ్చింది. చిక్కు మాత్రం ఒకటిని ముప్పావుతో భాగించే దగ్గర వచ్చింది. ఒక పట్టీలో ముప్పావు ముక్క ఒకటి వస్తుంది, ఇంకా పావు మిగులుతుంది. పిల్లలంతా జవాబు ఒకటింపావు అన్నారు. తలకిందులు చేసి గుణిస్తేనేమో ఒకటీ, మూడో వంతూ వస్తోంది. చేతిలో కాగితం ఒకటి చెబుతోంది, బోర్డు మీద లెక్క ఇంకొకటి చెబుతోంది, ఏది నిజం సార్ అని పిల్లలు అడుగుతుంటే ఆయన నీళ్లు నమిలాడు. గంట కొట్టబట్టి బతికిపోయానని గురువారం నాడు ఆయనే చెప్పాడు. అధికారి రావడానికి అప్పటికి పది రోజులు ఉంది.

ఆ పది రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పాలి.

అధికారి లెక్కల పాఠం చూస్తానన్నాడని తెలియగానే నా గుండె జారిపోయింది. ఈ మాస్టారు మళ్లీ ఆ పట్టీలు పట్టుకుని నీళ్లు నమిలితే అమ్మాయి కొంప మునుగుతుంది. నా పేరూ మునుగుతుంది, ఆ సంగతి దాచడమెందుకు. చిన్న మేడం కేంద్రంలో సమావేశానికి వెళ్లిన రోజు చూసుకుని నేను బడికి వెళ్లాను. మాస్టారిని పక్కకు పిలిచి, త్రిభుజ వైశాల్యం పాఠం పెట్టుకోమన్నాను. పిల్లలకు అది వారం కిందటే చెప్పేశాడు, అయినా కొత్తగా చెబుతున్నట్టే చెప్పాలి. ఆయన కాసేపు తటపటాయించాడు. కానీ మా తరం వాళ్లకు ఈ విద్య చెప్పనక్కర్లేదు. ఇద్దరం కూర్చుని ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో రాసుకున్నాం. రెండుసార్లు పిల్లల చేత ఆడించాం. అన్నీ సరైన జవాబులే వస్తే అధికారులు నమ్మరు కాబట్టి ఒక తప్పు జవాబు కూడా పెట్టాం. సగం చేయడం మరిచిపోయినట్టు చెప్పాలి. దానికి మూడో బెంచీలో ఒక కబుర్ల పిల్లను ఎంచుకున్నాం. ఆ పిల్ల తప్పు చెప్పి నాలుక కరుచుకునే తీరు చూసి నేను మురిసిపోయాను.

అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లజోడు ముక్కు చివర ఉంటుంది, మాట తక్కువ. రెండో పీరియడు ఏడో తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. పక్కన నేను. చిన్న మేడం కిటికీ పక్కన పిల్లల వరసలోనే ఒక స్టూలు వేసుకుంది. పాఠం గడియారంలా నడిచింది. ప్రశ్న పూర్తి కాకముందే చేతులు లేస్తున్నాయి. అధికారి రాసుకుంటూనే ఉన్నాడు, మధ్యమధ్య తల ఊపుతున్నాడు. నేను లోపల లోపల ఎగిరి గంతేస్తున్నాను.

తప్పు జవాబు చోటు వచ్చింది. మాస్టారు ప్రశ్న అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ముప్పై మందీ ఒక్కసారి మూడో బెంచీ వైపు తిరిగారు. అక్కడ ఖాళీ. కబుర్ల పిల్లకు జ్వరం, ఆ రోజు బడికి రాలేదు. అప్పుడు ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచి, మాస్టారికి మాత్రమే వినపడాలన్నట్టు మెల్లగా అడిగింది.

"సార్, దాని తప్పు నేను చెప్పనా?"

అధికారి తల వంచుకుని రాసుకుంటున్నాడు. ఆ మాట పట్టించుకోలేదు. మాస్టారు గబగబా ఆ ప్రశ్న దాటేసి ముందుకు వెళ్లాడు. నేను ఊపిరి పీల్చుకుని కిటికీ వైపు చూశాను. చిన్న మేడం విన్నది. ఆమె చూపు మాస్టారి మీద లేదు, పిల్లల మీద లేదు, నా మీద ఉంది. పిల్లలకు పరీక్షలు పెట్టి ముప్పై మూడేళ్లు గడిపినదాన్ని, కాపీ కొడుతూ దొరికినట్టు తల దించుకున్నాను.

గంట కొట్టాక ముగ్గురం ఆమె గదిలోకి వచ్చాం. అధికారి ఫారం మీద చివరి గీత గీసి, చాలా బాగుందండీ అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట రావడం నేను అంతవరకూ వినలేదు. ఇక సంతకాలే మిగిలాయి. చిన్న మేడం నిలబడే ఉంది.

"సార్, మీరు చూసిన పాఠం ఇదివరకే చెప్పేసింది. మీకోసం ఆడించారు. నా బళ్లో జరిగింది కాబట్టి తప్పు నాది. మీకు వీలైతే ఇంకో పీరియడు ఉండండి, మాకు రాని పాఠం ఒకటి చూపిస్తాం."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫారం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఉంటానని మాత్రం అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను వరండాలోకి లాక్కొచ్చినంత పని చేశాను. కుళాయి దగ్గర పిల్లలు నీళ్లు తాగుతున్నారని కూడా చూడకుండా, మతిపోయిందా నీకు, నోటి దగ్గరికి వచ్చిన ముద్ద నేలపాలు చేసుకున్నావు, ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది అని కడిగేశాను. ఆమె నేను ఆగేదాకా ఆగింది.

"ప్రతి గురువారం టీచర్లని నిజం చెప్పమని అడుగుతున్నాను మేడం. ఇవాళ ముప్పై మంది పిల్లల చేత అబద్ధం ఆడించి, వచ్చే గురువారం ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ ఆటలో సూత్రధారి నేనేనని ఆమెకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడటానికి నాకు వీలుండేది.

ఈలోగా మాస్టారు బయటికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. మూడో పీరియడు ఏడో తరగతికి సైన్సు, అంటే ఆమెదే. దాన్ని మీకు ఇస్తాను, ఒకటిని ముప్పావుతో భాగించే పాఠం చెబుతారా అని ఆమె అడిగింది. చెప్పండి అనలేదు, చెబుతారా అంది. ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ, అది నాకే అందలేదు మేడం అన్నాడు. అందలేదని పిల్లలకు చెప్పండి, అందరం కలిసి చూద్దాం అంది ఆమె.

"మీ ఉద్యోగం పోతేనో?" అన్నాడు మాస్టారు.

"పోతే సైన్సు చెప్పుకుంటాను. అది నాకిష్టమే."

ఆయన స్టాఫ్ రూములోకి వెళ్లి కత్తెర, పట్టీల కట్ట తెచ్చుకున్నాడు.

ఆ పాఠం గడియారంలా నడవలేదు. సగం మంది పట్టీలు వంకరగా మడిచారు. ఒకడు కత్తెరతో వేలు గీసుకున్నంత పని చేశాడు. అయినా పావుగంటలో అందరి బల్లల మీదా ఒక ముప్పావు ముక్క, ఒక పావు ముక్క ఉన్నాయి. జవాబు ఎంత అంటే ఒకటింపావు అని మళ్లీ అందరూ అరిచారు. మాస్టారు బోర్డు మీద లెక్క చేశాడు. ఒకటీ, మూడో వంతూ. సరిగ్గా పోయినసారి ఆగిన చోటే ఆగాడు. అధికారి పెన్ను ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. జవాబు నాకు తెలుసు. పెదవుల దాకా వచ్చింది. చిన్న మేడంకి కూడా తెలుసు, ఆమె స్టూలు మీంచి కదల్లేదు.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి పిల్లల వైపు తిరిగాడు.

"మొన్న గంట కొట్టబట్టి తప్పించుకున్నాను. నాకిది ఇప్పటికీ అర్థం కాలేదు. కాగితం తప్పా, లెక్క తప్పా? మీరే చూసి చెప్పండి."

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన ఆ మాట అని ఉండడు. నేనైతే ముప్పై మూడేళ్లలో అనలేదు. పిల్లలు మొదట నమ్మలేదు. ఇది కూడా ఆడించే పాఠమేనేమో అన్నట్టు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత పట్టీల మీదకి వంగారు. ఎంతసేపో చెప్పలేను. గుసగుసలు, గొడవలు, కాగితాల చప్పుడు. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. నోరు మూసుకోవడం అంత కష్టమైన పని అని ఆ రోజే తెలిసింది.

రెండు జడల పిల్ల తన పావు ముక్కను ముప్పావు ముక్క మీద పెట్టింది. జరిపింది, మళ్లీ జరిపింది. మూడుసార్లకు ముప్పావు నిండింది. చెయ్యెత్తకుండానే లేచి నిలబడింది.

"సార్, మనం కొలుస్తున్నది ముప్పావుతో కదా. మిగిలింది పట్టీలో పావే, కానీ ముప్పావులో మూడో వంతు. రెండూ నిజమే సార్."

మాస్టారు ఆ పిల్ల బెంచీ దగ్గరికి వెళ్లాడు. వంగి తానూ ఒకసారి జరిపి చూసుకున్నాడు. నిటారుగా నిలబడి, వీళ్లకి చెప్పమ్మా, మెల్లగా చెప్పు, నాక్కూడా ఇంకోసారి చెప్పు అన్నాడు. నాలుగు నెలల కిందట అదే పిల్లను ఆయన కూర్చోమన్నాడు.

గంట కొట్టేసరికి సగం మందికి అర్థమైంది, సగం మందికి కాలేదు. కానివాళ్లు చేతులెత్తి రేపు మళ్లీ చెప్పాలని గొడవ చేశారు.

గదిలోకి వచ్చాక అధికారి మొదటి ఫారం మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు. కొత్త ఫారం తీసి నింపడం మొదలుపెట్టాడు. నేను తలకిందులుగా చదువుతున్నాను, ఆ విద్య హెడ్‌లందరికీ వస్తుంది. 'పీరియడు ముగిసేసరికి తరగతి అంతటికీ పాఠం అందిందా' అన్న చోట 'లేదు' అని రాశాడు. ఇంకో రెండు చోట్ల కూడా తక్కువే వేశాడు. అప్పుడు మాస్టారు, ఎవరూ పిలవకుండానే, కొత్త చొక్కా నిండా సుద్దపొడితో తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఈ పదవి నాకు రావాలని చాలా ఏడ్చాను. ఇవాళ్టి పాఠం నేను హెడ్‌నై ఉంటే ఈ బళ్లో జరిగేది కాదు. ఈమెను పంపకండి."

అధికారి ఫారం చివరి ప్రశ్న దగ్గర పెన్ను ఆపాడు. 'తరగతి గదుల్లో నిజంగా ఏం జరుగుతోందో హెడ్‌కు తెలుసా?' ఈ నెలలో పదకొండు బళ్లు తిరిగాను, అన్నిచోట్లా ఇక్కడ అవునని ఊరికే రాసేశాను, ఇవాళ మాత్రం తెలిసి రాస్తున్నాను అన్నాడు. 'అవును' అని రాసి, కింద గీత గీసి, 'పదవి ఖాయం చేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాడు. మాస్టారు అక్కడే కళ్లు తుడుచుకున్నాడు. చిన్న మేడం కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. అప్పుడు గానీ ఆ అమ్మాయి ఎంత భయపడిందో నాకు అర్థం కాలేదు.

ఆయన ఫారం నా వైపు జరిపాడు. కింద, 'ఏడాదిగా తోడున్నవారు' అన్న చోట నా సంతకం కావాలి. పెన్ను తీసుకున్నాను, చెయ్యి రాలేదు. మొదటి పాఠం ఆడించింది మాస్టారు కాదు, నేను అని చెప్పాను. ఆమె లేని రోజు చూసుకుని చేశానని, నా పేరు పోతుందని చేశానని, ఈ చోట సంతకం పెట్టే అర్హత నాకు లేదని చెప్పాను. నోటి దురద అంటారే, అది ఆ ఒక్కసారి మంచి పనికి వచ్చింది.

అధికారి ఆమె వైపు చూశాడు. చిన్న మేడం వచ్చి నా పక్కన నిలబడింది.

"మొన్న మీరు చేసింది తప్పే మేడం. కానీ ఏడాదిలో ఇరవై రెండుసార్లు ఈ గదిలోకి వచ్చారు. ఒక్కసారి కూడా నా కుర్చీలో కూర్చోలేదు. నేను లేచి ఇచ్చినా కూర్చోలేదు. ఈ కుర్చీ నాదని నాకంటే ముందు నమ్మింది మీరే. పెట్టండి."

నేను అది కావాలని చేశానా, అలవాటుగా చేశానా, ఇప్పటికీ నాకు తెలియదు. కళ్ల నీళ్లకు ఫారం మీది గీత అలుక్కుపోయినట్టు కనిపించింది. అయినా పెట్టాను. ముప్పై మూడేళ్లలో వేల కాగితాల మీద సంతకాలు పెట్టి ఉంటాను. నాకంటే గొప్ప హెడ్మిస్ట్రెస్ పేరు కింద నా పేరు గర్వంగా రాసుకోవడం మాత్రం అదే మొదటిసారి.